గడప లేని గది

విదేశాలు తిరిగొచ్చినవాళ్లు రాసిన యాత్రలు నేను చాలా చదివాను. మ్యూజియంల గురించి రాస్తారు, మంచు కొండల గురించి రాస్తారు, అక్కడి కాఫీ మన కాఫీలా ఉండదని బాధపడతారు. ఒంటికి ఎక్కడికి వెళ్లారో మాత్రం ఒక్కరూ రాయరు. చదువుతుంటే విమానం ఎక్కగానే మనిషికి ఆ అవసరం తీరిపోతుందేమో అనిపిస్తుంది.

నేను వెళ్లింది కావలి నుంచి వాకాడుకు, వాకాడు నుంచి తిరిగి కావలికి. ఈమధ్య జిల్లాలు పంచుకున్నప్పుడు వాకాడు పక్క జిల్లాకు పోయింది గనక, పట్టుబట్టి చూస్తే నేనూ సరిహద్దు దాటినట్టే. భాష మనదే, కూర మనదే, కారు స్నేహితుడిది. అయినా తిరుగు ప్రయాణంలో ఎనిమిదో నెల కడుపుతో మా ఎస్తేరక్క వెనక సీట్లో కూర్చున్నాక, పుట్టి పెరిగిన నేల నాకు వీసా ఇవ్వని దేశంలా కనిపించింది.

అక్కను పురిటికి పుట్టింటికి తీసుకురావడం పని. అమ్మకు మోకాళ్లు సహకరించవు. అందుకని పెద్దరికం నాన్నకు అక్క అయిన రత్నమ్మత్తకు, డ్రైవింగు నాకు పడ్డాయి.

కావలి నుంచి కిందికి

మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సుఖంగా గడిచినదాని గురించి ఎవరు మాత్రం ఏం చెబుతారు. కావలి దాటాక టీ తాగాను. నెల్లూరులో కారం దోసె తిన్నాను, ఆ కారానికి ప్రాయశ్చిత్తంగా రెండు గ్లాసులు మజ్జిగ తాగాను. వెంకటాచలం దగ్గర రోడ్డు పక్కన కొబ్బరి బోండాం కొట్టించుకున్నాను. బోండాం యాభై రూపాయలన్నాడు. కావలిలో నలభయ్యే కదా అంటే, "అయితే కావలికే పోయి తాగన్నా, పెట్రోలు నీదే కదా," అన్నాడు. తాగాను. గూడూరు దాటితే సాంబారులో కొంచెం తమిళం కలుస్తుంది, ఆ సాంబారూ వదల్లేదు.

ఇంత తాగినవాడు ఆగకుండా ఉండలేడు గదా. ఒక వేపచెట్టు దగ్గర ఆగాను, ఒక రొయ్యల గుంట గట్టు మీద ఆగాను, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వెనక ఆగాను. ఫ్లెక్సీ మంచి చాటు. ప్రజాసేవ అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది.

"మొగోళ్లకేంది రా. దేశమంతా మీ దొడ్డే," అంది అత్త.

అత్త ఏమీ తాగలేదు. ప్రయాణం ఉందంటే ముందురోజు రాత్రి అన్నంతోనే ఆమె నీళ్లు ఆపేస్తుంది. పొద్దున రెండు గుక్కల కాఫీ, బుగ్గన ఒక లవంగం. నోరు ఎండిపోకుండా ఆ లవంగమే వాకాడు దాకా కాపాడుతుంది. చర్చి సంఘంలో స్త్రీల కూడికలకు బస్సుల్లో ఊరూరా తిరిగిన మనిషి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బస్సు ఆపమనలేదని చెప్పుకుంటుంది. ఇంకొకరైతే ఇది చెప్పి ఏడుస్తారు, ఈమె సాక్ష్యం చెప్పినట్టు చెబుతుంది.

వాకాడు: ఈ గడప, ఆ గడప

అక్క అత్తగారింట్లో రాత్రి రొయ్యల ఇగురు పెట్టారు. మా ఇంట్లో రొయ్యల్లో మునక్కాయ వేస్తారు, వాళ్లింట్లో మామిడికాయ వేస్తారు. ఈ విషయం మీద రెండు కుటుంబాల మధ్య పెళ్లయినప్పటి నుంచీ చల్లని యుద్ధం నడుస్తోంది. నేను రెండు పక్షాల తరఫునా తింటాను.

భోజనాలయ్యాక అక్క నన్ను పక్కకు పిలిచి డాక్టరు చీటీ ఇచ్చింది. పది రోజుల క్రితం ఆమెకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. చలి జ్వరం, నడుంనొప్పి. తగ్గింది గానీ పూర్తిగా తగ్గలేదు. నెల్లూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట: నీళ్లు బాగా తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు, మురికి బాత్రూముల్లో కూర్చోకూడదు. మళ్లీ ముదిరితే నొప్పులు ముందే వచ్చేస్తాయి, బిడ్డకు మంచిది కాదు.

పొద్దున బయల్దేరేముందు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన మోటారు సైకిలు సందు మలుపు తిరిగాక, అక్క అత్తగారు తన ప్రసంగం మొదలుపెట్టింది.

"వదినా, పురిటికి పోయే పిల్ల ఈ గడప దాటితే మళ్లా పుట్టింటి గడపే తొక్కాల. నడాన ఎవురింట్లోనూ కాలు పెట్టకూడదు. మీకు తెలీందేముండాది."

"తెలుసు వదినా," అంది మా అత్త.

నేను నవ్వబోయి ఆగాను. రెండేళ్ల క్రితం అక్కను ఇలాగే పురిటికి తీసుకొస్తూ బావ దారిలో ఒక చుట్టాలింట్లో దించాడు, అక్క అక్కడ కాఫీ తాగింది. కావలి చేరిన వారానికి కడుపులో బిడ్డ పోయింది. డాక్టరు చెప్పిన కారణానికీ కాఫీకీ ఏ సంబంధమూ లేదు. కానీ డాక్టరు ఒక్కసారే చెప్పాడు, అక్క అత్తగారు రోజూ చెబుతుంది. మేము బైబిలు చదివే ఇంటివాళ్లం, శకునాలు చూడం. చూడం గానీ, ఎదురొస్తే పక్కకు తప్పుకుంటాం.

ఒకామె నీళ్లు తాగమంది, ఒకామె ఎవరింటా కాలు పెట్టొద్దంది. ఇద్దరి మాటా కలిపి పాటించగల ప్రాణిని దేవుడు ఇంకా సృష్టించలేదు.

తాళాల దేశం

కోట దాటాక అక్క మొదటిసారి ఆపమంది. పెట్రోలు బంకు కనిపించింది. గోడ మీద పావడా కట్టిన బొమ్మ, కింద తలుపు, తలుపుకు తాళం.

"తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటది సార్," అన్నాడు పెట్రోలు కొట్టే అతను.

"మేనేజరు?"

"గూడూరు పోయుండాడు. మీకైతే తాళం ఎందుకు సార్, ఆ కంపంతా మీదే."

"నాకు కాదు."

అతను కారులోకి వంగి చూశాడు. జాలిపడ్డాడు. జాలితో తాళం తెరుచుకోదు గనక మేము కదిలాం.

తర్వాత ఒక టౌను బస్టాండు. ఊరి పేరు రాయను, అక్కడ నాకు స్నేహితులున్నారు. డబ్బులు తీసుకుని పంపించే బాత్రూమే. అక్క లోపలికి వెళ్లి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. ముఖం పాలిపోయింది.

"పోయినావా?" అంది అత్త.

"చీలమండ దాకా నీళ్లుండాయి అత్తా. నీళ్లేనో కాదో. ఆడ కూర్చుంటే ఉన్నది మళ్లా ముదురుతుంది."

బయట కూర్చున్నతను డబ్బులు వెనక్కిస్తానన్నాడు. మర్యాదస్తుడు. రేపు కడిగిస్తాం, రేపు రండి అన్నాడు.

హైవే ఎక్కాం. నేను జోకులు వేశాను. మొదటి రెండింటికి అక్క నవ్వింది. మూడోదానికి, "నవ్విచ్చొద్దు రా, నవ్వితే కష్టం," అంది. ఆ మాట మామూలుగానే అంది, కానీ అద్దంలో చూస్తే పెదవి కొరుక్కుంటోంది. ఆ తర్వాత వెంకటాచలం మలుపు దాకా రోడ్డు మీదే కళ్లు పెట్టి నడిపాను. జోకులు వేయొద్దంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. స్టీరింగు ఉండబట్టి సరిపోయింది.

కృష్ణపట్నం గేటు దగ్గర

మా బావ కృష్ణపట్నంలో ఒక కంపెనీ గోడౌనులో పనిచేస్తాడు. సెలవు దొరకలేదు. కాన్పయ్యేదాకా మళ్లీ ఎప్పుడు చూస్తానో, గేటు దగ్గర ఒక్క నిమిషం కనిపించి పోదామని అక్క అడిగింది. అందుకే హైవే వదిలి సముద్రం వైపు తిరిగాం. రోడ్డంతా బొగ్గు లారీలు. ఆకులు కూడా నల్లగా ఉన్నాయి.

గేటు ఎదురుగా బావ కోసం ఆగినప్పుడు నేను కారు చుట్టూ తిరిగాను, ఊరికే. అక్క వైపు తలుపు మీద దుమ్ములో ఒక చార కనిపించింది. కిటికీ అంచు నుంచి కింది దాకా నీళ్లు కారిన చార. పొద్దున నేను నింపిచ్చిన బాటిలు ఆమె ఒళ్లో సగమే ఉంది.

"అక్కా, నువ్వు తాగలా."

ఆమె కిటికీ వైపు చూసింది.

"పారబోసినావు."

"తాగితే యాడికి పోయేది రా?" అంది అక్క. కోపం లేదు, ఏడుపు లేదు. ఊరికే అడిగింది. అత్త బుగ్గన లవంగాన్ని ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చుకుంది.

బావ హెల్మెటు పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. అక్క నడుం పట్టుకుని కూర్చోవడం చూసి అతని నవ్వు ఆగిపోయింది. గేటు లోపల లేడీస్ రూము ఉంది గానీ పాసు లేకుండా పంపరు. సెక్యూరిటీ అతను ఎవరికో ఫోను చేశాడు, వాళ్లు ఇంకెవరికో చేశారు. సాహెబుగారు మీటింగులో ఉన్నారు. ఇటువంటి అవసరాలు వచ్చినప్పుడు సాహెబులెప్పుడూ మీటింగులోనే ఉంటారు.

"నా ఫ్రెండు క్వార్టర్సు ఈడ్నే ఉండాది. వాళ్లావిడ ఇంట్లోనే ఉంటది. పదండి," అన్నాడు బావ.

అత్త నోరు తెరిచింది. కానీ మాట అక్క నుంచి వచ్చింది.

"ఇంట్లోకి పోను."

"ఎస్తేరూ, అదంతా మా అమ్మ చాదస్తం."

"అయ్యుండొచ్చు. పోయినసారీ నువ్వు ఇదే మాట చెప్పినావు. ఆ కాఫీ నేనే తాగినా. మళ్లా ఎవురింట్లోనూ అడుగుపెట్టను. నన్ను అడగొద్దు."

బావ తల వంచుకున్నాడు. అత్త కూడా తల వంచుకుంది. నియమం పెద్దవాళ్లదనుకున్నాను. పెద్దవాళ్లదైతే వాదించి గెలవొచ్చు, లేదా కనీసం ఎగతాళి చేయొచ్చు. అది అక్క భయం. దాని మీద జోకు వేయడం నాకింకా చేతకాదు.

సైరను మోగింది. బావ వెళ్లక తప్పలేదు. నెల్లూరు చేరగానే నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లమని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

వలల గది

ముత్తుకూరు రోడ్డుకు అడ్డదారని ఎవరో చెబితే సముద్రం పక్క దారిలో తిప్పాను. సరుగుడు తోటలు కనిపించగానే అక్క ఆపమంది. అత్తను పట్టుకుని చెట్లలోకి నాలుగడుగులు వేసింది. అటు చూస్తే కొయ్య కొట్టేవాళ్లు, ఇటు చూస్తే లారీ కడుగుతున్న క్లీనరు. వంగబోయి, వంగలేక, నొప్పితో చెట్టు పట్టుకుంది. మళ్లీ కారెక్కింది. ఈసారి ఆమె నుదుటి మీద చెమట నాకు అద్దం లేకుండానే కనిపించింది.

అప్పుడే రోడ్డు వెంట ఒకామె ఖాళీ చేపల తట్ట నడుం మీద పెట్టుకుని వస్తోంది. కారు ముందు ఆగి, లోపలికి తొంగిచూసింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిది," అంది అత్త.

"నొప్పులా?"

"కాదు. ఒంటికి పోవాల. యాడా కుదరలా."

"ఓసి, దానికా. మా పాళెం ఇదే కదా. మా ఇంటికి రాండి."

ఆమె పేరు కామాక్షమ్మ. మొగుడు, కొడుకు వేటకు పోయారు, చేపలమ్మి ఇంటికి పోతోంది. అత్త ఆమెకు గడప సంగతి చెప్పింది, క్షమాపణగా. కామాక్షమ్మ వింతేమీ పడలేదు.

"మాకూ ఉండాది ఆ పద్ధతి. అయితే మా బాత్రూముకు గడప యాడుందమ్మా? గవర్నమెంటోళ్లు గోడలు లేపినారు, రేకు తలుపు పెట్టినారు, గడప పెట్టలా. ఇంటికి అంటుకోనుగూడా లేదు, దూరంగా ఉండాది. అది ఇల్లెట్ట అవుతుంది?"

అత్త ఆలోచించింది. సంఘంలో బాప్తిస్మం మీద గొడవ వచ్చినప్పుడు కూడా ఆమె అంతసేపు ఆలోచించలేదు. తర్వాత కారు దిగి, కామాక్షమ్మ వెంట వెళ్లి, ఆ గది ముందు వంగి తలుపు కింద చేత్తో తడిమి చూసింది. చదునైన సిమెంటు.

"గడప లేదు," అని అక్కడి నుంచే కేకేసింది. "దిగు ఎస్తేరూ."

అక్క దిగింది. ఆమె కూడా ఒకసారి వంగి చూడాలనుకుంది గానీ వంగలేకపోయింది. అత్త ముఖం చూసి నమ్మింది.

కామాక్షమ్మ రేకు తలుపు లాగింది. లోపల గది నిండా వలలు. నేల నుంచి కిటికీ దాకా.

"ఇదొకటి మర్చిపోయినా," అంది ఆమె. "మేము సముద్రం గట్టుకే పోతాం. ఇందులో మా ఆయన వలలు ఏసుకుంటాడు. మంచి గది, ఎలకలు రావు." తియ్యడానికి చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఆడోళ్లం వల ముట్టము, దాటము. కడుపుతో ఉండే మనిషి అసలు దాటకూడదు, వలకూ మంచిది కాదు, బిడ్డకూ మంచిది కాదు. మొగోళ్లెవురూ లేరే."

ముగ్గురూ నా వైపు చూశారు. నన్ను ఎవరైనా పనికొచ్చే మొగాళ్లలో లెక్కపెట్టడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

వల బరువు ఎంతుంటుందో ఒడ్డున నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకు తెలియదు. నాకూ తెలియదు. ఉప్పు వాసన, ఎండిన చేపల వాసన, వేళ్లకు కోసుకునే దారం. రెండు చేతులా పట్టి లాగాను. వచ్చింది. ఇంకా వచ్చింది. తలుపు బయట పడేసి మళ్లీ లోపలికి వెళ్లి ఇంకొంత లాగాను. గది ఖాళీ అయింది. చేతులు దులుపుకుని విజయగర్వంతో తిరిగాను.

ఎవరూ మెచ్చుకోలేదు. గదికి దారి ఒక్కటే, ఒకవైపు ముళ్లకంప, ఒకవైపు పక్కింటి గోడ. ఆ దారి మొత్తం ఇప్పుడు వల పరుచుకుని ఉంది. వలకు అటువైపు అక్క, ఇటువైపు ఖాళీ బాత్రూము.

"ఏం పని చేసినావయ్యా," అంది కామాక్షమ్మ నెమ్మదిగా. "దోవకడ్డం ఏసినావే."

"దాటేస్తే ఏమవుతుంది?" అన్నాను.

అక్క గోడ పట్టుకుని కళ్లు మూసుకుంది. "తియ్యి రా," అంది. "తొందరగా తియ్యి."

తీశాను. ఒక చివర ఎత్తితే ఇంకో చివర జారుతోంది. చొక్కా గుండీలకు తగులుకుంది, కంపకు తగులుకుంది. కామాక్షమ్మ ముట్టుకోకుండా అటువైపు నుంచే నడిపిస్తోంది. "బెండ్ల తాడు పట్టుకో. అది కాదయ్యా, అది సీసం తాడు. బెండ్లు, నీళ్ల మీద తేలేవి, తెల్లగా ఉండేవి. ఆ. చుట్టుకో. లాగొద్దు, చినిగితే మా ఆయన నన్ను చించుతాడు." అత్త ప్రార్థన మొదలుపెట్టింది. ఎవరి కోసమో తెలియలేదు, నాకోసమే అయ్యుంటుంది. చుట్టి పెట్టడానికి చోటు లేదు. చివరికి మొత్తం వలను ఎత్తి భుజాల మీద, తల మీద వేసుకుని, నేనే ముళ్లకంపలోకి జరిగి వీపు ఆనించి నిలబడ్డాను.

దారి ఖాళీ అయింది. అక్క గోడ పట్టుకుని నడిచింది. నా పక్కకు వచ్చినప్పుడు ఆగకుండానే, "సన్న చేపే పడింది," అంది.

తలుపుకు గడియ లేదు. అత్త రేకును రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. కామాక్షమ్మ చేతిపంపు కొట్టి బకెట్టు నీళ్లు అందించింది. వీపులో ముళ్లు, తల మీద వల. కదిలితే మళ్లీ జారుతుందని ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను. లోపల మగ్గు చప్పుడు వినిపించింది.

అక్క బయటికొచ్చింది. చేతులు కడుక్కుంది. "అక్కా, తాగడానికి నీళ్లిస్తావా," అని కామాక్షమ్మను అడిగింది.

చెంబెడు నీళ్లు ఎత్తి తాగింది. ఇంకో చెంబు అడిగింది. కామాక్షమ్మ పందిట్లో కూర్చోబెట్టి సొరచేప పుట్టు కూర, అన్నం పెడతానంది. అక్క నడుం ఇంకా లాగుతోందంది. అందుకని ఆగలేదు. వలను నేను మళ్లీ లోపల పెట్టబోతే కామాక్షమ్మ వద్దంది. "ఉండనీ. ఇంకెవురన్నా వస్తారేమో," అంది.

కారు కదిలాక అత్త వెనక సీట్లోంచి ఊళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ముత్తుకూరులో మన సంఘం దానియేలుగారి ఇల్లు, బాత్రూము పెరట్లో వేరుగా ఉంటుంది. కోవూరులో టీచరమ్మగారిది మేడ కింద, బయటి తలుపు. అల్లూరు దారిలో ఇంకొకరిది. గడపలు లేని గదులన్నీ వరసగా ఆమె నోటి నుంచి వస్తున్నాయి. కోట నుంచీ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. అప్పుడామెకు ఆ ఇళ్ల గడపలే గుర్తున్నాయి, పెరటి గదులు కాదు.

నెల్లూరు

ఆసుపత్రికి గడప ఉందో లేదో ఎవరమూ చూడలేదు.

ఫలితం ముందే చెప్పేస్తాను, ఉత్కంఠ నిలబెట్టడం నాకు రాదు. బిడ్డ గుండె చప్పుడు బాగుంది. నొప్పులు పురిటి నొప్పులు కావు. ఇన్‌ఫెక్షన్ మళ్లీ మొదలైంది గానీ పైకి పాకలేదు. మాత్రలిచ్చి, రెండు రోజులు ఉంచుకుని పంపించారు. ఇదంతా తర్వాత తెలిసింది. ముందు పరీక్ష చేయాలి గదా. నర్సు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"ఇందులో పట్టి ఇవ్వండి."

అక్క డబ్బా వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే అమ్మా. రిపోర్టు వస్తేనే డాక్టరుగారు చూస్తారు."

"ఇప్పుడే పోయొచ్చినా. రావడం లేదు."

"అయితే నీళ్లు తాగి కూర్చోండి."

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగానే బాత్రూము. తెల్ల టైల్సు, వెలుగుతున్న లైటు, బొమ్మ ఉన్న తలుపు, తాళం లేదు. పొద్దుటి నుంచీ మేము వెతికినది చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. అక్క నీళ్లు తాగింది, ఎదురుచూసింది, మళ్లీ తాగింది. బావ ఫోను చేసి "వచ్చిందా?" అన్నాడు. అమ్మ ఫోను చేసి "వచ్చిందా?" అంది. వాకాడు నుంచి అత్తగారు కూడా అడిగింది. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఏ రైలు కోసమని నన్ను అడిగాడు.

అత్త కళ్లు మూసుకుని ప్రార్థించింది. మామూలుగా ఆమె ప్రార్థన అందరి కోసం మొదలై, దేశ నాయకుల మీదుగా వెళ్లి, చివర్న మా ఇంటికి వస్తుంది. ఈసారి నేరుగా విషయానికే వచ్చింది. నేను "ఆమేన్" అన్నాను. హాస్యానికి కాదు.

అక్క లేచింది. మేమూ లేవబోతే చేత్తో ఆగమంది. డబ్బా పట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, తాళంచెవి కోసం ఎటూ చూడకుండా నడిచి వెళ్లి తలుపు తోసింది.